హాట్ ప్రెస్‌లో దొర

మా ఆవిడకి దొరలంటే ఒళ్ళుమంట. నాకేమో ఒక దొరని చూస్తే చేతులు వాటంతటవే జోడవుతాయి. ఇద్దరం తెలుగువాళ్ళమే, ఇద్దరి తాతలూ ఇంగ్లీషువాడి కిందే బతికారు. కాని ఇంగ్లీషువాడు మా రెండు వైపులనీ ఒకే పద్ధతిలో ఏలలేదు. మా గోదావరి జిల్లాకి తన కలెక్టరునే పంపి నేరుగా ఏలాడు. వాళ్ళ నల్గొండ వైపు నిజాంని గద్దె మీద కూర్చోబెట్టి, పక్కన ఒక రెసిడెంటుని కాపలా పెట్టి, ఊరూరా గడీల్లో ఉన్న దొరలు జనం చేత వెట్టి చేయించుకుంటుంటే మనకెందుకులే అని ఊరుకున్నాడు. అందుకని మా వైపు దొరంటే ఆనకట్ట కట్టిన తెల్లవాడు. వాళ్ళ వైపు దొరంటే గడీలో కూర్చున్న మనవాడే. మా ఆవిడ తాత ఆ గడీ ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డవాడు.

పెళ్ళితో ఈ రెండు రాజ్యాలూ కలిసి, చివరికి ఐర్లండులో వాటర్‌ఫోర్డ్‌లో ఒక అద్దె ఇంట్లో స్థిరపడ్డాయి. నేరుగా ఏలేది ఎవరో, గద్దె మీద ఊరికే కూర్చునేది ఎవరో పెళ్ళయిన మగవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

మా దొర పేరు నేను చెప్పను. గోదావరివాళ్ళకి చెప్పాల్సిన పని లేదు, మిగతావాళ్ళు ఏ డెల్టా రైతునడిగినా చెబుతాడు. గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వించి, కరువుతో మాడిన నేలని వరిచేలు చేసినవాడు. మా ఇంట్లో పటాల వరసలో వెంకటేశ్వరస్వామి తర్వాత ఆయనే, గుర్రం మీద, టోపీతో. మా నాన్నమ్మ ఇద్దరికీ ఒకే వేలితో బొట్టు పెట్టేది. ఆయన మన దేవుళ్ళలో వాడు కాడని నాకు స్కూల్లో చేరేదాకా తెలియదు. ఆ పటం నకలొకటి ఫ్రేము కట్టించి, పంచెల మడతల మధ్య పెట్టుకుని ఇక్కడికి తెచ్చుకున్నాను. పటానికి ప్లాస్టిక్ మల్లెల దండ. ఇక్కడ మల్లెపూలు దొరకవు మరి.

“దేవుళ్ళ దగ్గర పెట్టనియ్య. ఒక దొర పీడ పోయిందనుకుంటె ఇంకో దొరను సూట్‌కేసుల పెట్టుకొచ్చినవ్” అంది మా ఆవిడ.

“అలాగంటావేంటి? ఆయన ఆ ఆనకట్ట కట్టకపోతే మా ముత్తాత కరువుకే పోయేవాడు. నేనుండేవాణ్ణే కాదు.”

“నేను గదే అంటున్న. ఆయన గా ఆనకట్ట కట్టకుంటె నాకీ తిప్పలు తప్పుతుండె.”

సంధి కుదిరింది. దేవుళ్ళు వంటింట్లో, దొర ముందుగదిలో. అలా కొన్నేళ్ళు సుఖంగా గడిచాయి.

ఇక మా ఇంటి ఓనరమ్మ గురించి చెప్పాలి. ఎనభై ఏళ్ళ ముసలావిడ. భర్త పోయాడు, పిల్లలు లేరు. మా వీధి చివరే ఉంటుంది. మేము ఆ ఇంట్లో దిగినప్పుడు ఆవిడ తుంటి ఆపరేషన్, తర్వాత మెట్లెక్కలేని రోజులు, అలా మా ఇంటి లోపలికి వచ్చిందే లేదు. మేమే పండగలకి వెళ్ళేవాళ్ళం. ఆవిడ ముందుగదిలో చలిమంట వేసుకునే గూడు పైన గోడంతా ఒకే ఒక్క ఫోటో ఉంటుంది. నాన్న తరఫు తాతది. పొడుగు కోటు, చేతిలో తుపాకి. ఇంగ్లీషువాళ్ళని ఈ దేశం నుంచి తరమడానికి పోరాడినవాళ్ళలో ఒకడు. వెళ్ళిన ప్రతిసారీ ఆ తాత గుట్టల్లో తడుస్తూ దాక్కున్న కథ మొదటినుంచీ చెప్పేది. నేను ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు వినేవాణ్ణి. “మీరూ మేమూ ఒకటే, ఇద్దర్నీ వాళ్ళే దోచుకున్నారు” అని ఆవిడ ముగిస్తే నేను గట్టిగా తలూపేవాణ్ణి. మా ముందుగదిలో గుర్రం మీదున్నాయన సంగతి ఎత్తేవాణ్ణి కాదు.

ఈ ఏడాది లీజు అయిపోవచ్చింది. డబ్లిన్‌లో ఉన్న ఆవిడ అన్న కొడుకు ఇల్లు అమ్మేయమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. ఆవిడ ఇంకా ఎటూ తేల్చలేదు. ఈ ఊళ్ళో అద్దె ఇల్లు దొరకడం అంటే మాటలు కాదు. ఒక ఇల్లు చూపిస్తామంటే వీధి మలుపుదాకా క్యూ కడతారు, పూర్వం కిరోసిన్ కోసం నిలబడ్డట్టు. ఇల్లు పోతే ఊరే మారాలి. మా అమ్మాయికి జూనియర్ సర్ట్, అంటే మన పదో తరగతి లాంటి పరీక్షల ఏడాది, స్కూలు మారడమంటే దాని ప్రాణం మీదకి వచ్చినట్టే. నేను పనిచేసే మెడికల్ డివైస్ ఫ్యాక్టరీ కూడా ఈ ఇంటికి నడిచిపోయే దూరంలోనే ఉంది. కారు లేని ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి చరిత్ర క్లాసులో సామ్రాజ్యాల పాఠం వచ్చింది. దూరదేశాల్ని ఎలా పాలించేవాళ్ళు, నేరుగా ఎలా, స్థానిక రాజుల చేత ఎలా, పన్నులెలా, సైన్యం ఎలా. టీచరు ముచ్చటపడి, “మీ ఇండియా వాళ్ళ అనుభవం ఏమిటో చెప్పు” అని దాన్ని లేపింది.

మా పిల్లకి తెలుగు అంతా అర్థమవుతుంది గాని మాట్లాడేది మాత్రం అచ్చం ఈ ఊరి యాసలో ఇంగ్లీషే. లేచి నిలబడి, “అమ్మ వైపు వాళ్ళకి చాలా కోపం. నాన్న మాత్రం వాళ్ళలో ఒకాయనకి పూజ చేస్తాడు” అని చెప్పి కూర్చుందట.

క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు సాయంత్రానికే సంగతి ఊరెక్కింది. ఆదివారం చర్చి మెట్ల దగ్గర మా ఓనరమ్మ చెవిన పడింది. సోమవారం నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. “వచ్చే ఆదివారం టీకి వస్తాను. లీజు సంగతి మాట్లాడాలి. ఇంకో సంగతి కూడా విన్నాను.”

ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివి తిన్నగా మా అమ్మాయి గదికి వెళ్ళాను.

“ఎందుకు చెప్పావే తల్లీ?” అన్నాను మా అమ్మాయితో.

“నిజమే కదా, డాడ్. ఇట్స్ గ్రాండ్” అంది. ఈ దేశంలో గ్రాండ్ అంటే ఫర్వాలేదని, కాలు విరిగినా గ్రాండే, కొంప మునిగినా గ్రాండే.

మా ఆవిడ దాన్నేమీ అనలేదు. నన్నే చూసింది. “పటం తియ్యి.”

“దొరని దాచమంటావా? తప్పు చేసినవాళ్ళలాగా?”

“ముసలామెకు కోపమొస్తె ఇల్లు పాయె. నీ దొర గుర్రమేస్కొని తిరిగి మనకు ఇంకో ఇల్లు చూపిస్తడా? ఆమె వచ్చిపోయెదాంక దిగి లోపల కూసోమను.”

ఎక్కడ దాచాలన్నది పెద్ద చర్చ. మంచం కింద అంది. కాళ్ళ కింద పెడతానా అన్నాను. అటక మీద అంది. అక్కడ చెమ్మ, పటం పాడవుతుందన్నాను. చివరికి హాట్ ప్రెస్ తట్టింది. ఈ దేశంలో అలమరాని ప్రెస్ అంటారు. ప్రతి ఇంట్లోనూ మేడమీద వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరా ఒకటి ఉంటుంది. ట్యాంకు వేడికి వెచ్చగా ఉంటుందని పై అరల్లో దుప్పట్లు, తువాళ్ళు ఆరబెట్టుకుంటారు. అదే హాట్ ప్రెస్. శుభ్రంగా, ఎత్తుగా, పొడిగా ఉంటుంది. ఇల్లంతటిలో మా రాజమండ్రి ఎండని తలపించే చోటు అదొక్కటే. దొరకి అలవాటైన వాతావరణమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. దండ తీయడానికి చేతులు రాలేదు. బొట్టు కూడా చెరపలేదు. ఉతికిన తువాళ్ళ మధ్య నిలబెట్టి, క్షమించమని దండం పెట్టి తలుపు వేశాను. గోడ మీద తెల్లగా మిగిలిన చోట ఫ్యాక్టరీవాళ్ళ క్యాలెండరు తగిలించాను.

ఇక్కడ నా ఉద్యోగం గురించి ఒక ముక్క చెప్పాలి. ఏ యంత్రం ఎక్కడ, ఎలా తప్పుతుందో ముందుగానే ఊహించి ఆపడమే నా పని. దానికే నాకు జీతమిస్తారు. అలాంటి నేను, ఇమ్మర్షన్ మీట ఎక్కడుంటుందో మర్చిపోయాను.

ఇమ్మర్షన్ అంటే ట్యాంకులో నీళ్ళని కరెంటుతో కాచే హీటరు. ఐరిష్ పెద్దవాళ్ళ లెక్కలో పాపాలన్నిటికీ విరుగుడు ఉంది గాని, ఇమ్మర్షన్ ఆన్‌లో వదిలేసిన పాపానికి మాత్రం లేదు. ఆ మీట ఉండేది హాట్ ప్రెస్‌లోనే.

ఆదివారం ఓనరమ్మ ఇంట్లో కాల్చిన యాపిల్ టార్ట్ పట్టుకుని వచ్చింది. కొత్త తుంటితో చకచకా నడుస్తోంది. మా ఆవిడ ఉల్లిపాయ పకోడీలు, టీ పెట్టింది. మా అమ్మాయి ఎన్నడూ లేనిది మెట్ల మీద బుద్ధిగా కూర్చుంది. ఓనరమ్మ గోడలన్నీ ఒకసారి చూసింది. క్యాలెండరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. వాన గురించి మాట్లాడింది. పకోడీ తిని మెచ్చుకుంది. లీజు ఊసెత్తలేదు. మా ఆవిడకీ నాకూ నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయి.

పకోడీ జిడ్డు కడుక్కోవడానికి ఆవిడ వంటింట్లో కుళాయి తిప్పింది. నీళ్ళు సలసల కాగుతూ వచ్చాయి.

“ఇమ్మర్షన్ వేసి వదిలేశారా?” అంది, ఇంట్లో పాము దూరిందన్నంత కంగారుగా.

“నేను చూస్తానండీ, మీరు కూర్చోండి...” అని నేను లేచేలోపు ఆవిడ మెట్లెక్కేసింది. నేను వెనకాల, నా వెనకాల మా ఆవిడ, అందరికంటే ముందు మా అమ్మాయి. ఓనరమ్మ చెయ్యి చాచి తలుపు లాగింది.

నీలం తువాళ్ళ మధ్య మా దొర. గుర్రం, టోపీ, మల్లెల దండ, నుదుట ఎర్రగా కుంకుమ బొట్టు.

ముందు ఆవిడ మీట నొక్కి ఇమ్మర్షన్ ఆపింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని దొరని పైనుంచి కిందిదాకా చూసింది.

“ఈయనేనా?”

“ఆయనే” అంది మా అమ్మాయి, హుషారుగా.

“కిందికి తీసుకురండి” అని ఆర్డరు వేసి ఆవిడ మెట్లు దిగింది. నేను పటాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని దిగాను. ఆవిడ దాన్ని సోఫాలో తన పక్కన కూర్చోబెట్టుకుంది, విచారణకి పిలిచిన ముద్దాయిలాగ.

“మా తాత వీళ్ళని తరమడానికి గుట్టల్లో తడిసి వణికాడు. మీరేమో దండ వేసి, తువాళ్ళు కప్పి, వెచ్చగా పడుకోబెట్టారు.”

ఇల్లు పోయిందనే అనుకున్నాను. దాచిందెలాగూ బయటపడింది, ఇక ఉన్నది చెప్పేద్దామని అంతా చెప్పాను. కరువు, ఆనకట్ట, కాలవలు, వరి, మా నాన్నమ్మ ఒకే వేలితో పెట్టే బొట్టు.

ఆవిడ చెవులు రిక్కించి విన్నది. “మరి ఆ నీళ్ళు ఊరికే ఇచ్చారా?”

“లేదండి. నీటి తీరువా వేశారు.”

“మీరు కట్టారా?”

“కట్టాం. వాళ్ళు వెళ్ళిపోయాక మావాళ్ళకి కూడా కట్టాం.”

ఆవిడకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. “చూశావా! ఆమధ్య మా సొంత ప్రభుత్వం నీళ్ళకి బిల్లు వేస్తానంటేనే నేను ఊరుకోలేదు. రోడ్డు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నా. గార్డ్స్ వచ్చి లేవమంటే, కుర్చీతో సహా ఎత్తుకుపొమ్మన్నా. పోలీసులైతే నాకేంటి! ఆకాశం నుంచి రోజూ ఊరికే పడే నీళ్ళకి బిల్లా? మీవాడు కాలవ తవ్వింది మీ కోసం కాదు నాయనా, పన్ను కోసం.”

“పన్ను కోసమే తవ్వించి ఉంటారండి. కాని నీళ్ళు మాత్రం మా పొలంలోకే వచ్చాయి.”

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. “మాకూ కరువొచ్చింది. మాకు ఏ దొరా ఆనకట్ట కట్టలేదు. జనం చస్తుంటే తిండిగింజలు మా రేవుల నుంచే ఓడలెక్కి వెళ్ళిపోయాయి.”

మా ముత్తాత బతికాడు. ఆవిడ వాళ్ళలో ఎందరు బతకలేదో అడిగే ధైర్యం నాకు లేదు. నా దొర మీద నాకున్న భక్తి నిజమే, ఆవిడ కడుపుమంటా నిజమే. ఆ రెండూ ఒకే సోఫాలో పక్కపక్కనే కూర్చున్నాయి.

“ఇంతకీ హాట్ ప్రెస్‌లో ఎందుకు పెట్టారు?”

“మీకు కోపమొచ్చి ఇల్లు ఖాళీ చేయమంటారని” అంది మా ఆవిడ. దాపరికం ఆమె వంటికి పడదు.

ఓనరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే టీ కప్పు చేతిలో నిలవలేదు, నేను అందుకున్నాను. కళ్ళు తుడుచుకుంటూ, “నా దగ్గరా ఒకాయన ఉన్నాడు. నా హాట్ ప్రెస్‌లో” అంది.

అమ్మ తరఫు తాతట. ఊళ్ళో పని దొరక్క, ఆకలికి తాళలేక ఇంగ్లీషువాడి సైన్యంలో చేరాడు. మద్రాసు వైపు పంపారు. ఒక దేశంలో ఆకలేసినవాణ్ణి ఇంకో దేశానికి కాపలా పెట్టడం, అదీ ఏలే పద్ధతే. తిరిగొచ్చేసరికి ఇక్కడ కాలం మారిపోయింది. ఆ తుపాకి తాత కొడుకునే ఆయన కూతురు, అంటే ఓనరమ్మ వాళ్ళమ్మ, పెళ్ళి చేసుకుంది. ఇంగ్లీషు సిపాయి ఫోటో తన గోడకెక్కడానికి వీల్లేదన్నాడు ఆ పెళ్ళికొడుకు. అమ్మ దాన్ని హాట్ ప్రెస్‌లో దుప్పట్ల వెనక దాచుకుంది.

“దుప్పట్లు మడతపెడతానని వెళ్ళి, తలుపు చేరేసి వాళ్ళ నాన్నతో మాట్లాడుకునేది. నేను బయట నిలబడి వినేదాన్ని. కన్నతండ్రిని ఒక్కరోజైనా గోడకి తగిలించుకోకుండానే పోయింది మా అమ్మ. ఇప్పుడు నేను తగిలిద్దామన్నా ఆ గోడ ఈ తాతది. ఇద్దరూ ఒక గదిలో ఇమడరు.”

మా ఆవిడ లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. మధ్యలో ఉన్న దొరని తీసి నా చేతిలో పెట్టింది.

“ఇల్లు అమ్మను. నేనున్నంతకాలం ఉండండి. కాని ఒక షరతు” అంది ఓనరమ్మ. “మా సిపాయి తాతని మీ గోడ మీద ఉండనివ్వాలి.”

మా ఆవిడ నావైపు తిరిగి తెలుగులో గొణిగింది. “నిజాం గూడ గిట్లనే జేసిండు. గద్దె నిలబెట్టుకుందామని వాళ్ళ సిపాయిని తెచ్చి ఇంట్ల పెట్టుకున్నడు.” ఓనరమ్మ వైపు తిరిగి మాత్రం తియ్యగా నవ్వి, సరేనంది.

మర్నాడే ఆవిడ దిండు గలీబులో చుట్టి ఫోటో తెచ్చింది. మద్రాసులో ఏదో స్టూడియోలో తీసినది. వెనక తెర మీద గీసిన కొబ్బరిచెట్లు. కుర్చీలో దర్జాగా కూర్చున్న కుర్రసిపాయి, మెలితిప్పిన మీసం, మెరిసే బూట్లు. పక్కన తలపాగా చుట్టుకున్న మనవాడొకడు, ఒట్టి కాళ్ళతో నిలబడి, సిపాయి తలమీద గొడుగు పట్టాడు.

“ఇంట్ల గొడుగేంది?” అని మా ఆవిడ పకపకా నవ్వింది. నేను ఇంగ్లీషులో చెప్పాను.

“మా తాతకి ఎండ పడేది కాదట” అంది ఓనరమ్మ. చెప్పాక తనే అనుమానంగా ఇంకోసారి చూసి, “స్టూడియోలో ఎండ ఎక్కడిదిలే” అని తనూ నవ్వింది.

క్యాలెండరు తీసేసి ఇద్దరు దొరల్నీ పక్కపక్కనే తగిలించాను. ఓనరమ్మ దూరం జరిగి తృప్తిగా చూసుకుంది. అంతలో ఏదో లోటు కనిపించింది.

“మీవాడికి బొట్టుంది. మావాడికి లేదేం?”

“మీ తాత ఏ ఆనకట్ట కట్టాడు?” అని అడిగింది మా ఆవిడ, ఇంగ్లీషులోనే, మొహమాటం లేకుండా.

“ఏమీ కట్టలేదు. బ్యారక్ కాపలా కాశాడు. సారా తాగాడు. తిరిగొచ్చాడు.”

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుంకుమభరిణ తెచ్చింది. దొరలకి బొట్టు పెట్టని మనిషి ఈ ముసలావిడ కోసం వ్రతం చెడగొట్టుకుంటోంది కాబోలనుకున్నాను. వేలు సిపాయి మొహం దాటి పక్కకి వెళ్ళింది. గొడుగు పట్టుకున్నాయన నుదుటిమీద అద్దానికి బొట్టు పెట్టింది.

“మా తాత గూడ గిట్లనే నిలబడ్డడు” అంది నాతో. మా అమ్మాయే ఆ మాట ఓనరమ్మకి ఇంగ్లీషులో చెప్పింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పటానికి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చూసింది. “చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. గొడుగునే చూశాను, మనిషిని చూడలేదు.” ఫ్రేము తిప్పి వెనక వెతికింది. తాత పేరు, పటాలం పేరు ఉన్నాయి. గొడుగు పట్టినాయన పేరు లేదు.

ఇప్పుడు ఓనరమ్మ ఆదివారం ఆదివారం వస్తుంది. తలుపు తీయగానే గొడుగాయన ఎలా ఉన్నాడని అడుగుతుంది. ఇమ్మర్షన్ సంగతి ఆ తర్వాతే.